అధ్యక్షా, ఆ చిట్టా ఒకసారి చూపిస్తారా?

కుర్చీ ఎంత ఎత్తుగా ఉంటే బీరువా తాళంచెవి అంత లోతుగా దాచుకుంటారు. దేశాధ్యక్షుల లెక్కల పుస్తకాలు తెరిపించడానికి కోర్టుల్లో జరిగిన కొట్లాటలు వింటే నవ్వాలో నోరెళ్లబెట్టాలో తెలియదు. హిందూపురంలో ఎక్కి, ఢిల్లీలో ఆగి, వాషింగ్టన్, మనీలా, ప్రిటోరియా చుట్టేసి వద్దాం. ప్రశ్న మాది, ఆశ్చర్యం మీది. సిద్ధమా?

మన సీమ గుమ్మంలోంచి

మీకు తెలుసా? రాష్ట్రపతి పదవి ఎక్కిన నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభకు గెలిచింది హిందూపురం నుంచే! మన సోమందేపల్లి మండలం ఇవాళ ఉన్నది ఆ నియోజకవర్గంలోనే. అంటే రాష్ట్రపతి భవన్‌కు మన వీధి చివర నుంచే ఒక దారి ఉందన్నమాట. బోర్డు పెట్టడమే మరిచారు!

ఆయన పుట్టింది అనంతపురం జిల్లా ఇల్లూరులో. 1977లో రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు పడ్డాయి. వాటిలో ఎన్ని చెల్లాయో మీకు తెలుసా? ఒక్కటి! 36 తిరస్కరించారు. ఆ మిగిలిన ఒక్కటీ మన సంజీవరెడ్డిది. పోలింగ్ లేదు, కౌంటింగ్ లేదు, నేరుగా గృహప్రవేశమే. 1952 నుంచి జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో ఈనాటికీ పోటీ లేకుండా గెలిచింది ఆయనొక్కరే.

ఆయన ప్రమాణం చేసింది 1977 జూలై 25న. ఆ తర్వాత వచ్చిన రాష్ట్రపతులంతా ఏ రోజున ప్రమాణం చేశారో మీకు తెలుసా? అందరూ జూలై 25నే! ఇల్లూరు పెద్దాయన పెట్టిన ముహూర్తాన్ని ఇంతవరకు ఎవరూ మార్చలేదు.

ఇప్పుడు అసలు డబ్బు ముచ్చట. అప్పట్లో రాష్ట్రపతి జీతం నెలకు 10,000. అందులో 70 శాతం కోసుకుంటానని సంజీవరెడ్డి ప్రకటించారు. మిగిలేది 3,000! ఆ పెద్ద భవనం కూడా వద్దు, చిన్న ఇల్లు చాలన్నారు. జీతం పెంచమని ధర్నా చేసేవాళ్లను చూశాం గానీ, తగ్గించమన్నవాళ్లను చూశామా?

ఇంకోటి. 1964లో ఆయన ముఖ్యమంత్రి పదవి ఎందుకు వదిలారో మీకు తెలుసా? బస్సు రూట్ల వల్ల! కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు మొట్టికాయ వేసింది. ముఖ్యమంత్రి మీద వచ్చిన ఆరోపణను కాదంటూ ఆయన అఫిడవిట్ వేయలేదని ఎత్తిచూపింది. ఆయన రాజీనామా చేసేశారు. వేయని కాగితం కూడా కుర్చీని కదిలిస్తుందండోయ్!

తెలుగోళ్ల ఢిల్లీ కుస్తీ

మీకు తెలుసా? 1969 రాష్ట్రపతి ఎన్నికలో తలపడిన ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ తెలుగువాళ్లే! ఒకవైపు సంజీవరెడ్డి, మరోవైపు బరంపురంలో పుట్టిన వి.వి.గిరి. దేశం మొత్తం మీద ఇంకెవరూ దొరకలేదా అని మిగతా రాష్ట్రాలు ముక్కున వేలేసుకుని ఉంటాయి.

మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు తీశారు. గిరి 4,20,077, రెడ్డి 4,05,427. తేడా 14,650! మన రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో రెండో ప్రాధాన్యం దాకా వెళ్లిన లెక్కింపు అదొక్కటే.

ఆ ఎన్నిక మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. సంజీవరెడ్డిని కించపరుస్తూ కరపత్రం పంచారన్నది అందులో ఒక ఆరోపణ. 1970లో ఆ కేసులో సాక్ష్యం చెప్పడానికి ఎవరొచ్చారో మీకు తెలుసా? సాక్షాత్తు రాష్ట్రపతి గిరి! పదవిలో ఉండగానే స్వయంగా కోర్టుకు వచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పారు. పిటిషన్ కొట్టేశారు, గిరి కుర్చీ నిలిచింది. అధ్యక్షుణ్ణి కోర్టు ముట్టుకోకూడదని వాదించే విదేశీ లాయర్లు రాబోతున్నారు, ఈ సీను గుర్తుపెట్టుకోండి.

రాష్ట్రపతి కావాలని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికే రాజీనామా ఇచ్చినాయన ఎవరో మీకు తెలుసా? మన రాజమండ్రి కోకా సుబ్బారావు! 1967లో పోటీ చేసి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ఆయనకు వచ్చినవి 3,63,971 ఓట్లు. అటు బెంచీ పోయె, ఇటు భవనం దక్కకపోయె!

నెలజీతం ఎంత సారూ?

మీకు తెలుసా? రాష్ట్రపతి ఉండే భవనంలో గదులు 340, ఆవరణ 330 ఎకరాలు. 1950లో అందులో కాపురం ఉండే ఆయన జీతం 10,000 మాత్రమే. ఆ అంకె రాజ్యాంగంలోనే అచ్చేసి ఉంది. గదికి 30 రూపాయలు కూడా పడలేదన్నమాట!

1998లో అది 50,000 అయింది. 2008లో లక్షన్నర. 2018లో ఏకంగా 5 లక్షలు. ఆ చివరి గెంతు ఎందుకో మీకు తెలుసా? ఏడో వేతన సంఘం పుణ్యమా అని కేబినెట్ కార్యదర్శి జీతం రెండున్నర లక్షలకు చేరింది, రాష్ట్రపతిది లక్షన్నర దగ్గరే ఉండిపోయింది! యజమాని కన్నా గుమాస్తా జీతమే ఎక్కువ. రెండేళ్లు అలాగే నడిచింది మరి.

మీకు తెలుసా? ఒక రాష్ట్రపతి తన జీతం చిట్టా రైల్వే స్టేషన్లో విప్పారు! 2021 జూన్‌లో రామ్‌నాథ్ కోవింద్ సొంతూరికి రైల్లో వెళ్తూ ఝీంఝక్ స్టేషన్లో ఆగి, నాకు నెలకు 5 లక్షలు వస్తే రెండు లక్షల 75 వేలు పన్నుకే పోతుందని చెప్పారు. అంతే, దేశమంతా కాలిక్యులేటర్లు బయటికొచ్చాయి. ఆ శాతం ఎలా కుదిరిందన్న చర్చ రైలు వెళ్లిపోయాక కూడా ఆగలేదు.

అబ్దుల్ కలాం దగ్గరికి 2006లో చుట్టాలు వచ్చారు. ఒకరిద్దరు కాదు, యాభై మందికి పైనే! తిండి, బస, తిరుగుడు ఖర్చు ఎవరు కట్టారో మీకు తెలుసా? కలాం గారే, సొంత జేబులోంచి. ఆయన కార్యదర్శి పి.ఎం. నాయర్ చెప్పిన లెక్క ప్రకారం బిల్లు 3 లక్షల 52 వేలు. చుట్టాలొస్తే ఎవరికైనా తప్పదు, రాష్ట్రపతికైనా!

ఢిల్లీలో దోబూచులాట

మీకు తెలుసా? మన రాష్ట్రపతి పద్దుల మీద కూడా కోర్టులో కేసు నడిచింది! రాష్ట్రపతి ఇచ్చే విరాళాలు ఎవరెవరికి వెళ్లాయో చెప్పమని ఒక పౌరుడు సమాచార హక్కు కింద అడిగాడు. చెప్పండి అంది కేంద్ర సమాచార కమిషన్. చెప్పం అంటూ రాష్ట్రపతి సచివాలయం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2012లో జస్టిస్ విపిన్ సంఘీ తేల్చేశారు: అది ప్రజల సొమ్ము, వ్యక్తిగత రహస్యం కాదు, చూపించాల్సిందే. దానం గుప్తంగా చేయాలంటారు, కానీ సొంత డబ్బుతో చేస్తేనే సుమా!

ఎన్నికల్లో నిలబడేవాళ్లు ఆస్తులు చెప్పాలన్న కేసు వేసింది ఏ పార్టీయో మీకు తెలుసా? ఏ పార్టీ కాదు, అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు! 1999లో మొదలైన ఆ కేసులో 2002 మే 2న సుప్రీంకోర్టు అవునంది. పొద్దున లేస్తే తిట్టుకునే పార్టీలన్నీ అప్పుడు మాత్రం అఖిలపక్షం పెట్టుకుని ఒక్క గొంతుతో వద్దన్నాయి. ఐకమత్యమే మహాబలం!

తీర్పును నీరుగార్చే ఆర్డినెన్సు తయారైంది. సంతకానికి ఎవరి దగ్గరికెళ్లిందో మీకు తెలుసా? కలాం దగ్గరికి! పదవిలోకి వచ్చి నెల కూడా నిండలేదు, కాగితం వెనక్కి పంపేశారు. కేబినెట్ మార్చకుండా మళ్లీ పంపితే రాజ్యాంగం ప్రకారం సంతకం పెట్టక తప్పలేదు. తేదీ 2002 ఆగస్టు 24.

కథ అక్కడ ఆగలేదు. ఆర్డినెన్సు చట్టమైంది. ఆ చట్టం మీద మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లినవాళ్లలో మన హైదరాబాద్ లోక్‌సత్తా కూడా ఉంది. బెంచీ మీది ముగ్గురిలో ఒకరు మన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. 2003 మార్చి 13న అడ్డం పెట్టిన సెక్షన్ ఎగిరిపోయింది. అటు పిటిషనర్, ఇటు జడ్జి, రెండు చోట్లా తెలుగు సంతకం!

దాని ఫలమేమిటో మీకు తెలుసా? 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటిలో అత్యంత ధనిక అభ్యర్థి ఎవరన్నది అఫిడవిట్ చూసి చెప్పగలిగాం. గుంటూరు అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్, కుటుంబ ఆస్తులు 5,705 కోట్లు! సున్నాలు లెక్కపెట్టడానికి ఎన్నికల సిబ్బందికి వేళ్లు చాలాయో లేదో.

మరి రాష్ట్రపతి అభ్యర్థి ఏమేం ఇవ్వాలో మీకు తెలుసా? ప్రతిపాదించేవాళ్లు 50 మంది, బలపరిచేవాళ్లు 50 మంది, డిపాజిట్ 15,000, ఓటరు జాబితాలో పేరున్న కాగితం. ఆస్తుల చిట్టా ఆ జాబితాలో లేనే లేదు! అఫిడవిట్ నిబంధన ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికల చట్టంలోది, రాష్ట్రపతి ఎన్నికకు 1952 నాటి చట్టం వేరే ఉంది. అందరికన్నా పెద్ద కుర్చీకి అందరికన్నా చిన్న ఫారం!

సుప్రీంకోర్టు మీద సుప్రీంకోర్టులోనే అప్పీలు వేసిందెవరో మీకు తెలుసా? సుప్రీంకోర్టే! జడ్జీల ఆస్తుల సమాచారం ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు అంటే, కాదంటూ 2010లో తన దగ్గరికి తానే అప్పీలుకొచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2019 నవంబరు 13న ఐదుగురు జడ్జీల బెంచీ తేల్చింది: ప్రధాన న్యాయమూర్తి కార్యాలయానికీ సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. బెంచీలో మన ఎన్.వి.రమణ ఉన్నారు. వాదించిందీ ఓడిందీ గెలిచిందీ అన్నీ ఒకే భవనం!

వాషింగ్టన్: 1,329 రోజుల జాగారం

అసలైన మహా సంగ్రామానికి వచ్చేశాం, సర్దుకుని కూర్చోండి. డొనాల్డ్ ట్రంప్ ఆదాయపు పన్ను రిటర్నుల కోసం అమెరికా ప్రతినిధుల సభ కమిటీ 2019 ఏప్రిల్ 3న లేఖ రాసింది. సుప్రీంకోర్టు అడ్డు తొలగించేసరికి 2022 నవంబరు 22 వచ్చింది. మధ్యలో ఎన్ని రోజులో మీకు తెలుసా? 1,329! ఇంతకీ అడిగింది ఆరేళ్ల రిటర్నులే.

ఆ కమిటీకి అడిగే హక్కు ఇచ్చిన చట్టం ఏ ఏటిదో మీకు తెలుసా? 1924! అప్పటి టీపాట్ డోమ్ చమురు కుంభకోణం కాలంలో పుట్టింది. దాదాపు వందేళ్ల ముసలి చట్టం కోర్టు మెట్లెక్కి దిగి చివరికి గెలిచొచ్చింది.

2021 డిసెంబరులో ట్రంప్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చిన జడ్జి ట్రెవర్ మెక్‌ఫాడెన్. ఆయన్ను ఆ పదవిలో పెట్టిందెవరో మీకు తెలుసా? ట్రంపే! చేసిన మేలు కోర్టులో చెల్లలేదు పాపం.

పన్నుల శాఖ అధ్యక్షుడి రిటర్నులు ఏటా తప్పక తనిఖీ చేయాలని అక్కడ 1977 నుంచి నియమం ఉంది. మరి ట్రంప్ 2015 రిటర్ను తనిఖీ నోటీసు ఎప్పుడు వెళ్లిందో మీకు తెలుసా? 2019 ఏప్రిల్ 3న! అంటే కమిటీ లేఖ రాసిన రోజునే. మేల్కొలుపు పాడితే గానీ లేవని మొద్దునిద్ర అంటే ఇదే.

చివరికి 2022 డిసెంబరు 20న కమిటీ 24-16 ఓట్లతో బయటపెట్టాలని తీర్మానించింది. 30న సుమారు 6,000 పేజీలు బయటికొచ్చాయి. ఇంకో నాలుగు రోజులైతే సభ పగ్గాలు ట్రంప్ పార్టీకి వెళ్లిపోయేవి! ఆ పేజీల ప్రకారం 2020లో ఆయన కట్టిన కేంద్ర ఆదాయపు పన్ను ఎంతో మీకు తెలుసా? సున్నా.

అంతకు ముందే, 2020 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ బాంబు పేల్చింది. ట్రంప్ 2016లో కట్టిన కేంద్ర ఆదాయపు పన్ను 750 డాలర్లు, 2017లో మళ్లీ 750 డాలర్లు. ఇక్కడ ఊపిరి బిగపట్టండి: అదే 2017లో ఆయన గానీ ఆయన కంపెనీలు గానీ మన ఇండియాలో కట్టిన పన్ను 1,45,400 డాలర్లు! అమెరికా కన్నా మనమే బాగా వసూలు చేశామండీ. కాలరెగరేయండి!

ఆ పత్రిక చెప్పిన ఇంకో పద్దు వింటారా? టీవీ షో రోజుల్లో జుట్టు సింగారానికి 70,000 డాలర్లకు పైగా వ్యాపార ఖర్చు కింద రాసుకున్నారట. ధర్మవరం పట్టుచీరలు ఎన్నొస్తాయో అక్కచెల్లెళ్లే లెక్కేసుకోవాలి.

ఆడిటర్ మీదే కేసు!

మీకు తెలుసా? సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసుల్లో ట్రంప్ దావా వేసింది తన సొంత ఆడిటర్ల మీద! సంస్థ పేరు మేజర్స్. కాగితాలు ఇవ్వమని పార్లమెంటు కమిటీ నుంచీ, న్యూయార్క్ ప్రాసిక్యూటర్ నుంచీ సమన్లు వెళ్లింది వాళ్లకే మరి. ఇస్తే క్లయింటుకు కోపం, ఇవ్వకపోతే కోర్టుకు కోపం. పాపం ఆడిటరు!

ఆ కేసులో 2019 మే 20న మొదట తీర్పు చెప్పిన జడ్జి ఎక్కడ పుట్టారో మీకు తెలుసా? గుజరాత్‌లోని పాటన్‌లో! పేరు అమిత్ మెహతా. మే 14న వాదనలు విన్నారు, ఆరు రోజుల్లో తీర్పు చేతిలో పెట్టారు. వాయిదా మీద వాయిదా చూసిన మన కళ్లకు ఇది వింతే కదా!

న్యూయార్క్ కోర్టులో ఇంకో కేసు. జడ్జి డెన్నీ చిన్ అడిగారు: అధ్యక్షుడు నడివీధిలో ఎవరినైనా కాల్చినా, పదవిలో ఉన్నంతకాలం ఏమీ చేయలేమా? ట్రంప్ లాయరు జవాబేమిటో మీకు తెలుసా? అవును, చేయలేమన్నాడు! తేదీ 2019 అక్టోబరు 23. మన గిరి గారు 49 ఏళ్ల ముందే కోర్టుకొచ్చి కూర్చున్నారని ఎవరైనా చెవిన వేయాల్సింది.

2020 మే 12న ఈ కేసుల వాదనలు అమెరికా సుప్రీంకోర్టులో ఎలా జరిగాయో మీకు తెలుసా? ఫోన్లో! కరోనా కాలం కదా. దేశమంతా లైవులో విన్నది. అంతకు ఆరు రోజుల ముందు వేరే కేసు వాదనలో టాయిలెట్ ఫ్లష్ చప్పుడు కూడా లైవులో వినిపించింది. అది ఎవరిదో అధికారికంగా ఎవరూ చెప్పలేదు. కొన్ని రికార్డులు ఏ కోర్టూ తెరిపించలేదు!

2020 జూలై 9న రెండు తీర్పులు ఒకే రోజు. రెండూ 7-2తోనే. న్యూయార్క్ ప్రాసిక్యూటర్‌కు దారి తెరుచుకుంది, పార్లమెంటు కమిటీల కేసు మాత్రం మళ్లీ కింది కోర్టుకెళ్లింది. అధ్యక్షుణ్ణి సాక్ష్యం అడగొచ్చని చెప్పడానికి ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఎంత వెనక్కి వెళ్లారో మీకు తెలుసా? 1807కు! అప్పుడు సమన్లు అందుకున్న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్. 213 ఏళ్ల నాటి నోటీసు ఇంకా పనిచేస్తోంది!

2021 ఫిబ్రవరి 22న ఆఖరి అడ్డు తొలగగానే కాగితాలు కొన్ని గంటల్లోనే ప్రాసిక్యూటర్ చేతికొచ్చాయి. ఏడాదిన్నర కొట్లాట, కొన్ని గంటల డెలివరీ!

దాదాపు ఏడాదికి, 2022 ఫిబ్రవరిలో, మేజర్స్ సంస్థే చేతులెత్తేసింది. 2011 నుంచి 2020 దాకా తాము తయారు చేసిన ఆర్థిక నివేదికలను ఇక నమ్మొద్దని లేఖ రాసింది. పదేళ్ల లెక్కలకు ఒక్క ఉత్తరంతో తిలోదకాలు!

ట్రంప్ తన టవర్‌లోని ఇల్లు ఎంత పెద్దదని రాసుకున్నారో మీకు తెలుసా? 30,000 చదరపు అడుగులని! టేపు పెట్టి చూస్తే 10,996. ఆ ఆస్తి లెక్కల సివిల్ కేసులో 2024 ఫిబ్రవరిలో పడ్డ జరిమానా సుమారు 35 కోట్ల 50 లక్షల డాలర్లు. 2025 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ జరిమానాను కొట్టేసింది. ఇల్లు మాత్రం పెరగలేదు, తరగలేదు.

నిక్సన్ మామ, రూజ్‌వెల్ట్ తాత

నేను దొంగను కాను అని అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ అన్నది ఎక్కడో మీకు తెలుసా? డిస్నీ వరల్డ్‌లో! 1973 నవంబరు 17న, పత్రికా సంపాదకుల సమావేశంలో, తన ఆదాయం, ఆస్తుల ముచ్చట వచ్చినప్పుడు. మిక్కీ మౌస్ నమ్మాడో లేదో తెలియదు.

1970లో రెండు లక్షల డాలర్ల పైచిలుకు ఆదాయం మీద నిక్సన్ కట్టిన కేంద్ర పన్ను 792 డాలర్ల 81 సెంట్లు! సంగతి పత్రికలో పొక్కింది. చివరికి పార్లమెంటు నిపుణులు ఆయన బాకీ 4,76,431 డాలర్లని లెక్క తేల్చారు. ఆ నివేదిక వచ్చిన తేదీ మీకు తెలుసా? 1974 ఏప్రిల్ 3. అవును, ఏప్రిల్ 3! అమెరికా అధ్యక్షులు ఆ తేదీన ఫోన్ ఎత్తకపోవడమే మంచిది.

1938లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పన్నుల కమిషనర్‌కు ఏమని ఉత్తరం రాశారో మీకు తెలుసా? నా పన్ను ఎంతో నాకు లెక్క తేలడం లేదు, ఇది పెద్ద చదువుల గణితం, మీరే చూసి చెప్పండి అని! అమెరికా ఖజానా నడిపించినాయనకే ఫారం అర్థం కాలేదంటే, మనం ఆడిటర్ దగ్గరికి పరుగెత్తడంలో తప్పేముంది?

భూగోళం మీద ఇంకో రౌండు

మీకు తెలుసా? ఒక కవరు తెరవనందుకు ఒక అధ్యక్షుడి కుర్చీ పోయింది! ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు జోసెఫ్ ఎస్ట్రాడా మీద సెనేట్‌లో విచారణ. బల్ల మీద బ్యాంకు కాగితాల కవరు. తెరుద్దామా వద్దా? 2001 జనవరి 16న ఓటింగ్: వద్దన్నవాళ్లు 11, తెరవమన్నవాళ్లు 10. ఆ రాత్రే జనం రోడ్డెక్కారు. నాలుగు రోజుల్లో ఎస్ట్రాడా భవనం ఖాళీ చేశారు.

తర్వాత నెలలో ఆ కవరు తెరిచారు. లోపల ఎవరి పేరుందో మీకు తెలుసా? ఎస్ట్రాడాది కాదు, వేరే వ్యాపారిది! తెరిచి ఉంటే ఏమయ్యేదో అని ఆ పదకొండు మంది ఎన్ని రాత్రులు నిద్రపోలేదో.

అదే విచారణలో ఒక బ్యాంకు ఉన్నతాధికారిణి సాక్ష్యం చెప్పారు: అధ్యక్షుడు కాగితాల మీద హోసే వెలార్దే అని వేరే పేరుతో సంతకం చేశారు, నేను అడుగు దూరంలో ఉన్నాను. 2007లో ఎస్ట్రాడాకు శిక్ష పడింది, నెలన్నరలో క్షమాభిక్ష దొరికింది. 2013లో ఆయన ఏమయ్యారో మీకు తెలుసా? మనీలా మేయర్! ఈసారి సొంత పేరుతోనే.

అక్కడి మరో అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ దంపతులు 1968లో స్విస్ బ్యాంకులో తెరిచిన ఖాతాల పేర్లు మీకు తెలుసా? విలియం సాండర్స్, జేన్ రయన్! 2003లో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు జప్తు చేసిన స్విస్ సొమ్ము 65 కోట్ల డాలర్ల పైమాటే. పాపం ఆ విలియం, జేన్ ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టుకోలేదు, ఉంటే కదా!

దక్షిణ కొరియా మాజీ అధ్యక్షుడు చున్ డూ హ్వాన్ కట్టాల్సిన జరిమానా 22,050 కోట్ల వోన్లు. 2003లో మీ దగ్గర ఎంతుందని కోర్టు అడిగితే ఎంత చెప్పారో మీకు తెలుసా? సుమారు 2 లక్షల 90 వేల వోన్లు, అంటే దాదాపు 250 డాలర్లు! బాకీలో పైసా వంతు కూడా కాదు సుమండీ.

దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జేకబ్ జుమా ఇంటికి ప్రభుత్వ సొమ్ముతో ఈతకొలను కట్టారు. అదెందుకన్నారో మీకు తెలుసా? మంటలార్పడానికి! పశువుల కొట్టం, కోళ్ల గూడు కూడా భద్రత ఖర్చుల్లోనే చేరాయి. 2016 మార్చి 31న రాజ్యాంగ న్యాయస్థానం డబ్బు వాపసు కట్టాలంది. తేలిన బిల్లు 78,14,155 రాండ్లు. కోళ్లకు కూడా చరిత్రలో చోటు దొరికింది!

జుమా పన్ను రికార్డులు చూపించమని జర్నలిస్టులు వేసిన కేసు వేరే ఉంది. 2023 మే 30న రాజ్యాంగ న్యాయస్థానం, పన్ను రికార్డులు ప్రజలు ఎప్పటికీ చూడకూడదన్న గుడ్డి నిషేధం చెల్లదంది. ఓట్ల తేడా మీకు తెలుసా? 5-4! ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే బీరువాకు ఇంకో తాళం పడేది.

మరి కోర్టు దాకా పోకుండానే అంతా చెప్పేసిన అధ్యక్షుడు? ఉరుగ్వేలో హోసే ముహికా. 2010లో ఆయన ప్రకటించిన ఆస్తి 1,800 డాలర్లు. అందులో ఏముందో మీకు తెలుసా? 1987 నాటి ఒక ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు! మన పెనుకొండ పక్క కియా ఫ్యాక్టరీ గేటు ముందు అది ఆగితే సెక్యూరిటీ లోపలికి వదిలేవాడు కాదేమో.

ఇక మన మండలం వంతు

మీకు తెలుసా? ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు సున్నా! మండలస్థాయిలో 5 రూపాయలు. ఆ పైన 10. సోమందేపల్లి పంచాయతీ పద్దు అడగాలంటే పైసా అక్కర్లేదు, మండలాఫీసు పద్దుకైతే ఒక టీ కూడా రాని ఐదు రూపాయలు. అమెరికా కమిటీ లాయర్లు వింటే గుండె పట్టుకుంటారు.

రికార్డులు అక్కడే కూర్చుని తిరగేస్తే మొదటి గంట ఉచితమని మీకు తెలుసా? ఆ తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. జిరాక్సు పేజీకి 2 రూపాయలు. ట్రంప్ 6,000 పేజీలు మన రేటుకు 12,000 అయ్యేవి!

ఉపాధి హామీ పథకం దేశంలో మొదట ఎక్కడ మొదలైందో మీకు తెలుసా? మన ఉమ్మడి అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న! ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా వచ్చారు. ఢిల్లీ పథకానికి సీమ పల్లెలో బారసాల!

ఆ పథకం వెంట వచ్చిన సామాజిక తనిఖీ చూశారా? తనిఖీ బృందం ఇల్లిల్లూ తిరిగి కూలీలను అడుగుతుంది, మస్టర్ కాగితాలు పక్కన పెట్టి సరిచూస్తుంది. మండల కేంద్రంలో షామియానా కింద ప్రజావేదిక పెట్టి మైకులో చదువుతుంది: ఫలానా పని, ఇన్ని రోజులు, ఇంత కూలి. నేను ఆ వారం పనికే పోలేదు సామీ అని వెనక వరసలోంచి ఒక కేక వస్తే చాలు, బల్ల మీది సార్లు మంచినీళ్ల సీసా అందుకుంటారు. దీనికి లాయరు లేడు, వాయిదా లేదు!

హిందూపురం ఎంపీ అభ్యర్థులైనా, పెనుకొండ ఎమ్మెల్యే అభ్యర్థులైనా, వాళ్ల ఆస్తుల అఫిడవిట్ మీ ఫోన్లో ఎన్నికల సంఘం సైటులో చూడొచ్చని మీకు తెలుసా? బంగారం ఎన్ని గ్రాములో, అప్పు ఎంతో, భార్య పేర ఏముందో అన్నీ ఉంటాయి. తప్పు రాస్తే ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. పెళ్లి సంబంధం చూసేవాళ్లకు కూడా ఇన్ని వివరాలు దొరకవు!

ఆఖరి ప్రశ్న, కాగితం పెన్ను తీసుకోండి. సమాచార హక్కు కింద 30 రోజుల్లో జవాబు రావాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 జరిమానా. ట్రంప్ కాగితాలు ఆపిన 1,329 రోజులకు మన రేటు కడితే ఎంత? ముప్పై రోజులు తీసేస్తే 1,299 రోజులు, అంటే 3,24,750 రూపాయలు! కానీ మన చట్టంలో జరిమానా 25,000 దాటకూడదని మీకు తెలుసా? మిగతా 2,99,750 పండగ డిస్కౌంటు!